ఫెర్రీ ఆగితే ఎవరి పని ఆగుతుంది?: మహమ్మారి వేళ ప్రాంతీయ పాలన, ఉపాధి

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురం. 2024 సెప్టెంబరు వరకు దాని పేరు పోర్ట్ బ్లెయిర్. ఆ నగరంలోని ఫీనిక్స్ బే జెట్టీ నుంచి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ వంటి దీవులకు ప్రభుత్వ ఫెర్రీలు బయల్దేరుతాయి. పక్కనే ఓడలకు మరమ్మతులు చేసే డాక్‌యార్డు ఉంది. ఒక ఫెర్రీ కదిలితే బోటు కళాసీకి, జెట్టీ దగ్గర ఆటో నడిపేవారికి, ఆవలి దీవిలో గది అద్దెకిచ్చేవారికి, ఆ గదులు ఊడ్చేవారికి, హోటలుకు చేపలు వేసేవారికి ఆ రోజు కూలి గిట్టుతుంది. కదలకపోతే ఈ గొలుసంతా ఒకేసారి ఆగిపోతుంది.

2020 మార్చిలో అదే జరిగింది. నెల మధ్యలోనే పాలనా యంత్రాంగం పర్యాటక కార్యక్రమాలను నిలిపివేసింది. మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఆ మరునాడే, మార్చి 26న, దీవుల్లో తొలి కోవిడ్ కేసు నమోదైంది. అంతకుముందు ఏడాది దీవులకు సుమారు 5 లక్షల మంది పర్యాటకులు వచ్చారు. 2020లో ఆ సంఖ్య సుమారు 2 లక్షలకు పడిపోయింది. ఆ వచ్చినవారిలోనూ ఎక్కువమంది మహమ్మారికి ముందు, జనవరి నుంచి మార్చి మధ్య వరకు వచ్చినవారే.

ఈ నష్టంలో వైరస్ వాటా ఎంత? పాలకుల నిర్ణయాల వాటా ఎంత? మరో నాయకుడో, మరో తరహా పాలనో ఉంటే ఆ ఉద్యోగాల్లో కొన్నయినా నిలిచేవా? వినడానికి ఇది రాజకీయ చర్చలా ఉంటుంది. కానీ దీన్ని కొలవడానికి అర్థశాస్త్రవేత్తలు, ప్రజారోగ్య పరిశోధకులు కొన్ని కచ్చితమైన పద్ధతులు తయారు చేసుకున్నారు. ఆ పద్ధతులు చెప్పే జవాబు రాజకీయ వేదికల మీద వినిపించే రెండు వాదనలకూ పూర్తిగా సరిపోదు.

భయమా, ఆదేశమా?

అంటువ్యాధి ఉపాధిని రెండు వైపుల నుంచి దెబ్బ తీస్తుంది. ప్రభుత్వం దుకాణం మూయమంటే అందులో పని ఆగుతుంది. ప్రభుత్వం మూయమనకపోయినా, భయంతో జనం రాకపోతే అదే దుకాణం ఖాళీగా ఉంటుంది. పైకి చూస్తే రెండింటి ఫలితమూ ఒకటే. అందుకే వాటిని విడదీయడం కష్టం.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సివర్సన్ దీనికి ఒక మార్గం వెతికారు. అమెరికాలో ఒకే ఊరి జనం రోజూ తిరిగే ప్రాంతం కొన్నిచోట్ల రెండు పాలనా పరిధుల్లో ఉంటుంది. గీతకు ఒకవైపు ఇంట్లోనే ఉండాలన్న ఆదేశం వచ్చింది, మరోవైపు ఇంకా రాలేదు. రెండువైపులా జనం ఒకలాంటివారే, భయమూ ఒకటే, తేడా ఆదేశం ఒక్కటే. మొబైల్ ఫోన్ల ద్వారా వచ్చిన సమాచారంతో సుమారు 22.5 లక్షల వ్యాపార స్థలాలకు జనం రాకపోకలను వారు పరిశీలించారు. మొత్తం రాకపోకలు 60 శాతం పాయింట్లు తగ్గితే, అందులో ఆదేశాల వల్ల తగ్గినది 7 పాయింట్లు మాత్రమేనని తేలింది. మిగిలినదానికి ప్రధాన కారణం జనం సొంతంగా తీసుకున్న జాగ్రత్త.

అదే అధ్యయనంలో మరో ఫలితం అంతగా ప్రచారం కాలేదు. ఆదేశాలు మొత్తాన్ని పెద్దగా మార్చలేదు గానీ, జనం ఎటు వెళ్లాలన్నది గట్టిగా మార్చాయి. హోటళ్లకు పోవాల్సిన గిరాకీ కిరాణా దుకాణాలకు మళ్లింది. అత్యవసరం కాదని ముద్ర పడిన వ్యాపారాల నుంచి, అత్యవసరమన్న ముద్ర ఉన్నవాటికి మళ్లింది. అంటే నష్టం మొత్తంగా ఎంతన్నది చాలావరకు వ్యాధి నిర్ణయించింది. అది ఎవరి మీద పడాలో చాలావరకు పాలకుల సంతకం నిర్ణయించింది.

ఈ 7 అంకెను అలాగే తెచ్చి భారతదేశానికి అంటించకూడదు. ఇక్కడి లాక్‌డౌన్ రైళ్లను, బస్సులను, విమానాలను కూడా ఆపింది. దీవుల విషయం ఇంకా వేరు. రోడ్డు మీద ఆంక్ష ఉన్నా నడిచి వెళ్లినవారు ఉన్నారు. సముద్రం మీద ఫెర్రీ లేకపోతే నడక లేదు. ఫీనిక్స్ బే దగ్గర ఆదేశమే దారి. కాబట్టి పాలనా నిర్ణయానికి ఇక్కడ బరువు ఎక్కువ.

ముఖ్యమంత్రి లేని చోట

మరి ఆ నిర్ణయం ఎవరిది? అండమాన్ నికోబార్ శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం. ముఖ్యమంత్రి, మంత్రివర్గం ఉండరు. రాష్ట్రపతి తరఫున లెఫ్టినెంట్ గవర్నర్ పాలిస్తారు. 2017 నుంచి ఆ పదవిలో అడ్మిరల్ డి.కె. జోషి ఉన్నారు. ప్రజలు నేరుగా ఎన్నుకునేది ఒక లోక్‌సభ సభ్యుడిని, స్థానిక సంస్థల ప్రతినిధులను. నిర్ణయాలు త్వరగా అమలు కావడానికి ఈ ఏర్పాటు అనుకూలం. పని పోయిన కూలీకి అడిగే గుమ్మాలు తక్కువ కావడం దాని మరో ముఖం.

2020లో ఓడలను, బస్సులను ఆపే అధికారం ప్రధానంగా 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం నుంచి వచ్చింది. 2004 డిసెంబరు 26న సునామీ ఈ దీవులను, ఆంధ్ర, తమిళనాడు తీరాలను ముంచెత్తిన తర్వాతి ఏడాదే పార్లమెంటు ఆ చట్టం చేసింది. అలల నుంచి ప్రాణాలు కాపాడడానికి తెచ్చిన చట్టమే పదిహేనేళ్ల తర్వాత అలల మీద బతికేవారి పనిని ఆపింది.

ఒకే ఊరు, మూడు తీరాలు

ప్రాంతీయ నాయకత్వం ప్రభావాన్ని అర్థం చేసుకోవడానికి ఉత్తరాంధ్ర మత్స్యకారుల వలసలు మంచి ఉదాహరణ. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా సుమారు 3.8 లక్షలు, అందులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 13 శాతం పైనే. వీరిలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో ఉన్నాయి. శ్రీ విజయపురంలోని జంగ్లీఘాట్ చేపల రేవులో తెలుగు మాట మామూలే. అదే శ్రీకాకుళం తీరం నుంచి ఏటా వేలమంది గుజరాత్‌లోని వెరావల్‌కు మరపడవల మీద పనికి వెళ్తారు. మిగిలినవారు సొంత ఊళ్లోనే వేటకు పోతారు.

ఒకే ఇంటి నుంచి ముగ్గురు అన్నదమ్ములు ఈ మూడు చోట్లా ఉన్నారనుకుంటే, 2020 వేసవిలో ముగ్గురి మీదా పడిన దెబ్బ ఒకటే. వేట ఆగింది, చేప కొనే హోటళ్లు మూతపడ్డాయి. పాలన మాత్రం మూడు రకాలు.

ఊళ్లో ఉన్నవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకం వర్తించింది. వేట నిషేధ కాలానికి ఇచ్చే భృతిని 2019లో రూ.4,000 నుంచి రూ.10,000కు పెంచి, మత్స్యకార భరోసా పేరుతో అమలు చేశారు. 2020 మే నెలలో లక్షకు పైగా కుటుంబాలకు ఆ డబ్బు అందింది. మహమ్మారిని ఊహించి తెచ్చిన పథకం కాదది. కానీ లబ్ధిదారుల జాబితా, బ్యాంకు ఖాతాలు ముందే సిద్ధంగా ఉండడంతో కష్టకాలంలో వెంటనే పనికొచ్చింది.

వెరావల్‌లో చిక్కుకున్నవారి సంఖ్య 4 వేల పైచిలుకు. పడవల మీదే రోజులు గడిపినవారికి కావలసింది ఇంటికి దారి. అందుకు రెండు రాష్ట్రాల ఒప్పందం అవసరమైంది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి, గుజరాత్ ముఖ్యమంత్రి విజయ్ రూపాణీతో మాట్లాడారు. కేంద్రం అనుమతితో ఏప్రిల్ చివర బస్సుల్లో వారి తిరుగు ప్రయాణం మొదలైంది.

దీవుల్లో ఉన్నవారికి కేంద్రం దేశమంతటికీ ఇచ్చిన ఉచిత బియ్యం, జన్‌ధన్ ఖాతాల సాయం వర్తిస్తాయి. ఆంధ్రా భరోసా మాత్రం ఆంధ్రా తీరానికే పరిమితం. సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రానికి ఆవల ఉన్న తెలుగువారు ఆ జాబితాలో ఉండరు. వృత్తి ఒకటే, వల ఒకటే, పరిధి వేరు.

సొంత రాష్ట్రం చొరవ దీవుల వరకూ చేరిన ఉదంతమూ ఉంది. 2020 మే 30న ఝార్ఖండ్ ప్రభుత్వం అండమాన్‌లో చిక్కుకున్న 180 మంది కూలీలను విమానంలో రాంచీకి రప్పించింది. అంతకుముందు మే 1న దేశంలో తొలి శ్రామిక్ రైలు హైదరాబాద్ శివారులోని లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో బయల్దేరింది. పంపే రాష్ట్రం, అందుకునే రాష్ట్రం రెండూ సిద్ధపడితేనే ఇలాంటి ప్రయాణం సాధ్యం.

పోలిక ఎక్కడ తప్పుతుంది?

ఈ ముగ్గురు అన్నదమ్ముల కథ నుంచి ఏ ప్రభుత్వం మెరుగో తేల్చేయవచ్చా? శాస్త్రం తొందరపడవద్దంటుంది. వలస వెళ్లినవారు, ఊళ్లో ఉండిపోయినవారు అన్ని విధాలా ఒకటే కారు. వయసు, అప్పు, ధైర్యం, తెలిసిన మనుషులు వేరుగా ఉంటాయి. దీన్ని ఎంపిక దోషం అంటారు. అసలు కావలసినది జరగని కథ: అదే చోట, అదే రోజుల్లో మరో నిర్ణయం తీసుకుని ఉంటే ఏమయ్యేది? దానికి ప్రతివాస్తవం అని పేరు. దాన్ని ఎవరూ చూడలేరు, దగ్గరి పోలికతో అంచనా మాత్రమే వేయగలరు.

సరిహద్దు పోలిక ఒక పద్ధతి. రెండోది స్వల్ప తేడాతో ముగిసిన ఎన్నికల పోలిక. కొద్ది ఓట్లతో ఒకరు గెలిచిన పట్టణం, కొద్ది ఓట్లతో మరొకరు గెలిచిన పట్టణం మిగతా అన్నింటిలో దాదాపు ఒకేలా ఉంటాయి. గెలుపు నాణెం ఎగరేసినట్టే. బ్రెజిల్‌లో ఈ పద్ధతితో చేసిన ఒక అధ్యయనం, పురుషుల మీద మహిళలు స్వల్ప తేడాతో మేయర్లుగా గెలిచిన పట్టణాల్లో కోవిడ్ మరణాలు, ఆసుపత్రి చేరికలు తక్కువని చూపింది. అక్కడ మాస్కు తప్పనిసరి వంటి చర్యలు ఎక్కువగా తీసుకున్నారు. అది ఉపాధిని కొలిచిన అధ్యయనం కాదు. అయినా ఎవరు కుర్చీలో ఉన్నారన్నది సంక్షోభంలో లెక్కకు వస్తుందని తేల్చింది.

మూడోది ముందు, తర్వాత పోలిక. ఇందులో జారిపడే ప్రమాదానికి 1918 ఇన్‌ఫ్లుయెంజా మీద జరిగిన చర్చే సాక్ష్యం. ముందుగా, ఎక్కువ కాలం ఆంక్షలు పెట్టిన అమెరికా నగరాలు ఆ తర్వాత ఆర్థికంగా బాగా కోలుకున్నాయని 2020లో ఒక పరిశోధన పత్రం చెప్పింది. ఆ నగరాలు మహమ్మారికి ముందే వేగంగా పెరుగుతున్నాయి కదా అని మరికొందరు పరిశోధకులు ప్రశ్నించారు. దాంతో ఆ వాదన బలం తగ్గింది. ఆంక్షల వల్ల ఆర్థిక నష్టం పెరిగిందనడానికి మాత్రం గట్టి ఆధారం దొరకలేదు.

అండమాన్‌కు ఈ మూడు పద్ధతులూ సులువుగా అతకవు. భూసరిహద్దు పంచుకునే పొరుగు లేదు. పాలకుడు ఎన్నికల్లో గెలిచి రాలేదు. జనాభా చిన్నది కాబట్టి నమూనా సర్వేలో చేరే ఇళ్లు కొన్నే. నమూనా నాలుగు రెట్లు పెరిగితే గానీ అంచనాలో పొరపాటు సగానికి తగ్గదు. అందుకే దీవుల నిరుద్యోగ అంకె ఒక ఏడాది నుంచి మరో ఏడాదికి కాస్త మారితే దాని వెనక నాయకుడిని వెతకడం కన్నా, ఆ అంకె ఎంత నమ్మదగినదో చూడడం ముందు పని.

అంకెకు మరో మెలిక ఉంది. పని వెతుకుతూ దొరకనివారినే నిరుద్యోగులుగా లెక్కిస్తారు. ఓడలు లేవు, ఇక పని దొరకదని వెతకడం మానేసినవారు ఆ లెక్క నుంచి జారిపోతారు. ఉద్యోగం పోయినా నిరుద్యోగ రేటు పెరగకపోవచ్చు. అందుకని జనాభాలో ఎందరు పనిలో ఉన్నారన్న నిష్పత్తిని కూడా పక్కన పెట్టుకుని చూడాలి. దేశ పట్టణాల్లో 2020 ఏప్రిల్ - జూన్ మధ్య నిరుద్యోగ రేటు 20 శాతం దాటిందని జాతీయ సర్వే చెప్పింది. అంతకుముందు ఏడాది అదే కాలంలో అది 9 శాతానికి దగ్గర.

పాలకుల చేతిలో ఉన్న మీటలు

వ్యాధిని చూసి భయపడే పర్యాటకుడిని ఏ నాయకుడూ బలవంతంగా రప్పించలేడు. ఆ భయాన్ని తగ్గించడం మాత్రం కొంతవరకు పాలన చేతిలో ఉంటుంది. దానికి సాధనం పరీక్ష. 2020 ఏప్రిల్‌లో కిట్ల కొరత ఉన్నప్పుడు అండమాన్ నమూనాలను కలిపి పరీక్షించే పద్ధతి చేపట్టింది. దేశంలో దీన్ని ముందుగా చేపట్టింది తామేనని, నాలుగో వంతు కిట్లు సరిపోయాయని అక్కడి ప్రధాన కార్యదర్శి అప్పట్లో వెల్లడించారు.

ఈ ఆలోచన 1943 నాటిది. అమెరికా సైన్యంలో చేరేవారికి సిఫిలిస్ పరీక్షలు తక్కువ ఖర్చుతో చేయడానికి రాబర్ట్ డార్ఫ్‌మన్ దీన్ని సూచించారు. ఐదుగురి నమూనాలు కలిపి ఒకే పరీక్ష చేస్తారు. వైరస్ లేదని తేలితే ఐదుగురికీ లేనట్టే. ఉందని తేలితేనే విడివిడిగా చేస్తారు. వెయ్యి మందిలో ఒక శాతానికి వ్యాధి ఉంటే, ముందు 200 గుంపు పరీక్షలు చేస్తారు. ఆ తర్వాతి లెక్క ఇలా ఉంటుంది: ఒక గుంపులో కనీసం ఒకరికి వ్యాధి ఉండే అవకాశం సుమారు 4.9 శాతం. అంటే 200 గుంపుల్లో దాదాపు 10. ఆ 10 గుంపుల్లోని 50 మందికి మళ్లీ విడి పరీక్షలు. మొత్తం సుమారు 250. వ్యాధి 10 శాతానికి పెరిగితే ఇదే పనికి సుమారు 610 పరీక్షలు కావాలి. అందుకే వ్యాప్తి 2 శాతం లోపు ఉన్నచోటే, ఐదు నమూనాలకు మించకుండా ఈ పద్ధతి వాడాలని ఐసీఎంఆర్ ఆ ఏప్రిల్‌లో సూచించింది. సకాలంలో పరీక్షలు జరిగితే ఏ ఫెర్రీని నడపవచ్చో తెలుస్తుంది, కాబట్టి ఇది ఉపాధి నిర్ణయం కూడా.

రెండో మీట డబ్బు. ఆదేశానికి డబ్బు తోడు కాకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూపుతుంది. లాక్‌డౌన్‌లో కోత లేకుండా జీతాలు ఇవ్వాలని 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ యజమానులను ఆదేశించింది. రాబడి లేని చిన్న యజమాని ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వాలన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది, మే నెలలో ఆ ఆదేశాన్ని ఉపసంహరించారు. జర్మనీలో పని గంటలు తగ్గిన మేర జీతంలో కొంత ప్రభుత్వ నిధి భరించే పాత పద్ధతి ఉంది. 2020 ఏప్రిల్‌లో సుమారు 60 లక్షల మంది దాని కిందికి వచ్చారు. వారి ఉద్యోగ సంబంధం తెగలేదు. భారతదేశంలో గ్రామాలకు ఆ ఊతం ఉపాధి హామీ ఇచ్చింది. 2019-20లో సుమారు 265 కోట్లున్న పనిదినాలు 2020-21లో 389 కోట్లకు పెరిగాయి. పర్యాటకం మీద బతికే పట్టణ కూలీకి అలాంటి చట్టబద్ధమైన హామీ లేదు.

మూడోది మాట. తీవ్రతను తక్కువ చేసి చూపిన నాయకుడి ప్రసంగాల తర్వాత ఆయన అనుచరులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో జనం ఇళ్లలో ఉండడం తగ్గిందని బ్రెజిల్ అధ్యయనం ఒకటి చూపింది. చట్టం మారకుండానే ప్రవర్తన మారింది.

నాలుగోది ముందుచూపు. ఇంటి నుంచి చేయగల ఉద్యోగాలు అమెరికాలోనే 37 శాతమని 2020లో ఒక అంచనా. దానికి కనీసం ఇంటర్నెట్ కావాలి. చెన్నై నుంచి అండమాన్‌కు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అప్పటివరకు దీవులు ఉపగ్రహ లింకుల మీదే ఆధారపడ్డాయి. లాక్‌డౌన్ తొలి నెలలకు ఆ కేబుల్ అందలేదు.

తెరవడానికీ వెల ఉంది

ఉపాధి కోసం తొందరగా తెరవడమే నాయకత్వమని అనుకుంటే దీవుల విషయంలో ఒక నిజం అడ్డు వస్తుంది. 2020 ఆగస్టు చివర గ్రేట్ అండమానీ తెగలో పది మందికి కోవిడ్ సోకింది. అప్పటికి ఆ తెగలో మిగిలింది యాభై పైచిలుకు మంది. స్ట్రెయిట్ దీవిలో ఉండేవారికే కాక, పని కోసం నగరంలో ఉండేవారికీ సోకింది. చికిత్సతో వారు కోలుకున్నారు. బయటి రోగాలకు అలవాటు లేని తెగలున్న చోట ఒక ఫెర్రీని నడిపే నిర్ణయం కొందరి కూలిని, మరికొందరి మనుగడను ఒకే త్రాసులో తూస్తుంది. దీవుల్లో పర్యాటకం ఆ ఏడాది చివరి నెలల్లో గానీ మళ్లీ మొదలు కాలేదు.

మొత్తం మీద ఆధారాలు చెప్పేది ఇది. మహమ్మారిలో ఉద్యోగాలు ఎన్ని పోతాయన్నది ఎక్కువగా వ్యాధి తీవ్రత, జనం భయం, ఆ ప్రాంతం దేని మీద బతుకుతుందన్నది తేలుస్తాయి. పోయిన పని భారం ఎవరు మోయాలి, వారికి సాయం ఎన్ని రోజుల్లో అందాలి, దూరాన చిక్కుకున్నవారు ఎలా ఇల్లు చేరాలి అన్నవి ప్రాంతీయ పాలన తేలుస్తుంది. వాటిలోనూ గెలిచేవి అప్పటికప్పుడు చేసిన ప్రకటనల కన్నా, ముందే సిద్ధం చేసిన జాబితాలు, ప్రయోగశాలలు, ఒప్పందాలు, తీగలు.

ఫీనిక్స్ బే నుంచి ఫెర్రీలు ఇప్పుడు మళ్లీ నడుస్తున్నాయి. మరోసారి అవి ఆగాల్సి వస్తే, జెట్టీ మీద పని చేసే కళాసీ పేరు, జంగ్లీఘాట్‌లో వల వేసేవారి పేరు ఏ ప్రభుత్వ జాబితాలో ఉన్నాయన్నదే వారికి ముఖ్యం. ఆ జాబితా రాయడానికి సరైన సమయం ఓడలు నడుస్తున్న ఈ రోజులే.